ఒక పక్క ఏరు వేస్తాది

మొన్న మా చెల్లెలి కూతురు సావిత్రి కల్లూరులో మా ఇంటికి వచ్చింది. షేర్ ఆటోలో పట్టనంత పొడుగు వస్తువొకటి తెచ్చిందని ఆటోవాడు వీధి మలుపు దాకా గొణుగుతూనే వచ్చాడట. పాత నేతచీర చుట్టి, మీద నార తాడుతో కట్టిన ఆ వస్తువును గోడకు ఆనించి, చెమట తుడుచుకుని, "అమ్మ ఇది నీకియ్యమనింది పెద్దమ్మా" అంది. చీర విప్పకముందే నా ముక్కుకు ఆముదం వాసన, ఎండిన తోలు వాసన తగిలాయి. ఇన్నేళ్ల తర్వాత కొయ్యకు ఆ వాసన మిగిలే వీలు లేదు, అది నా ముక్కు తెచ్చిపెట్టుకున్నదే. లోపల తెడ్డు ఉంది. మా చెల్లెలు చౌడమ్మ తెడ్డు.

చౌడమ్మ పోయి నెల కూడా కాలేదు. దినాలకు వెళ్లాను, అందరికంటే గట్టిగా ఏడ్చాను, ఆ ఏడుపులో దొంగతనమేమీ లేదు. కానీ గోడకు ఆనిన ఆ తెడ్డును చూడగానే నాకు ముందు కలిగింది దుఃఖం కాదు. కడుపులో ఎక్కడో పాత పొయ్యి ఒకటి రాజుకుంది. ఇంత వయసొచ్చి, తోడబుట్టినదాని మీద, అదీ చచ్చిపోయినదాని మీద కుళ్లుకోవడానికి సిగ్గు లేదా అని ఎవరైనా అడగవచ్చు. లేదు. ఉంటే ఇది రాయను.

మా ఊరు తుంగభద్ర ఒడ్డున, కర్నూలుకు ఎగువన ఉండేది. అవతలి ఒడ్డు నైజాం రాజ్యం. మాది మగ్గం ఇల్లు. తెల్లవారకముందే నాయన వీధిలో పడుగు సాగదీసి, అవ్వ కాచిన గంజిని కుంచెతో పట్టించేవాడు. ఆ పులిసిన గంజి వాసనకే నాకు మెలకువ వచ్చేది. ఎండ ఎక్కేలోపు పడుగు ఆరిపోవాలి, అందుకని పొద్దున్నే మాట్లాడితే అవ్వ కసిరేది, మాటలకు గంజి చల్లారిపోతుందన్నట్టు. ఇంట్లో గుంతమగ్గం, దాని పక్కన అమ్మ రాట్నం, రాట్నం పక్కన నూలు చుట్టే కండెల బుట్ట. కొర్రన్నం, చెనిగ్గింజల ఊరిబిండి తిని ఆ బుట్ట ముందు కూర్చుంటే మళ్లీ దీపాలు పెట్టే వేళకే లేవడం. అవ్వకు చూపు మందగించింది. నేసిన చీరను ఒళ్లో వేసుకుని, కళ్లు మూసుకుని, అంచు పొడుగునా బొటనవేలు నడిపించి ఎక్కడ నేత వదులైందో చెప్పేది. నేను నేసిన చోట ఆ వేలు ఆగేది కాదు. "ఇది ఓబులమ్మ చెయ్యి" అనేది, ఆపకుండానే. ఆ మాట కోసమే నేను బతికేదాన్ని.

చౌడమ్మకు ఆ పనంటే పట్టేది కాదు. అది చుట్టిన కండె ఒక చోట బిగుతు, ఒక చోట వదులు. దాని కండెను అటూ ఇటూ విసిరే నాడెలో పెడితే నేత మధ్యలో నూలు పుటుక్కున తెగేది. నాయన గుంతలోంచి తలెత్తి దాన్ని చూసేవాడు, అది నవ్వేది, ఆయన నవ్వేవాడు. నేను చేసి ఉంటే ఏమయ్యేదో తెలియదు, ఎందుకంటే నేను అలాంటి కండె ఎప్పుడూ చుట్టలేదు. తప్పు చేసి కూడా నవ్వించగలగడం దానికి పుట్టుకతో వచ్చింది. నాకు రాలేదు. అప్పటికి అది నాకు పెద్ద బాధ కాదు. పని నాది, నవ్వు దానిది, పోనీలే అనుకునేదాన్ని.

ఆ లెక్క తారుమారైంది మాబత్త పుట్టి దగ్గర. మాబత్త ముస్లిం, మా వెనక వీధి. నాయనను అన్నా అని పిలిచేది, అందుకని మాకు అత్త. మొగుడు పోయాక అతని పుట్టిని ఊళ్లో ఎవరికీ ఇవ్వక తనే ఎత్తుకుంది. మా చీరల మూటలు వారం వారం అవతలి ఒడ్డు సంతకు పోయేది ఆ పుట్టిలోనే. పుట్టి అంటే చూడనివాళ్లకు చెప్పాలి. వెదురు బద్దలతో అల్లిన పెద్ద గుండ్రటి తట్ట, దానికి అడుగున కుట్టిన ఎనుము తోలు, తోలుకు పట్టించిన ఆముదం. అంతే. పడవకు ఉన్నట్టు దానికి ముక్కూ తోకా ఉండవు. ఒడ్డున బోర్లిస్తే మిట్టలాగా ఉంటుంది, ఏట్లో వేస్తే ఎటు పోవాలో దానికే తెలియనట్టు తిరుగుతుంది.

అవి యుద్ధం రోజులు. నూలు దొరకడం లేదు. మగ్గం వారంలో సగం రోజులు ఊరికే ఉండేది, గుంతలో పిల్లి పడుకునేది. కండెల బుట్టకు ఇద్దరు ఆడపిల్లలు అక్కరలేని రోజులు వచ్చాయి. సరిగ్గా అప్పుడే మాబత్త నాయన దగ్గరకు వచ్చి, బరువులు ఎక్కువైనాయి, రెండో తెడ్డుకు ఒక పిల్లను ఇయ్యమని అడిగింది. నాయన నన్ను చూపించాడు. పెద్దదాన్ని, చెయ్యి నిదానం. మాబత్త ఇద్దర్నీ పంపమంది. ఎండలు పోయి కొత్తనీళ్లు దిగేలోపు ఏరు ఎవరిని ఒప్పుకుంటే వాళ్లు తన తెడ్డు పట్టాలి, మిగిలినది ఇంట్లో కండెలు చుట్టుకోవాలి, వీలైతే కొత్తగా తెరిచిన బడికి పోవాలి. అలా మాట అనుకున్నారు. ఇప్పటి పిల్లలకు బడికి పోవడం శిక్షలా ఎందుకు తోచిందో అర్థం కాదు. నాకు ఆ వేసవిలో లోకంలో ఒకటే కావాలి. పుట్టిలో మాబత్త ఎదురుగా ఉండే ఆ చోటు. అక్కడ మోకాళ్ల మీద కూర్చుని, ఇంటి వాసన, గంజి వాసన, అవ్వ కసురు అన్నీ వెనక్కి పోతుంటే, ఇంకో రాజ్యానికి నా చేత్తో నేను పోవాలి.

మొదటి రోజు మడుగులో నేర్పింది. కదలని నీళ్లు. నేను నాలుగు తెడ్లకే పుట్టిని నేను చెప్పిన చోటుకు తీసుకుపోయాను. నాడె విసిరిన చేతులు కదా, కుడికి ఎంతో ఎడమకు అంత, వెంట్రుకవాసి తేడా రాదు. చౌడమ్మ వేస్తే పుట్టి బొంగరమైంది. అది తలతిరిగి పడుకుని ఆకాశాన్ని చూస్తూ నవ్వింది. ఆ సాయంత్రం ఇంటికి వస్తుంటే నా కాళ్లు నేల మీద లేవు. తోలు ముట్టుకున్నామని అవ్వ మమ్మల్ని పెరట్లోనే నిలబెట్టి తల మీద కుండ గుమ్మరించేది. ఆ నీళ్లు పడుతుంటే కూడా నేను చౌడమ్మ వైపు చూసి మీసం లేని మూతిని మెలేశాను.

మర్నాడు పారే నీళ్లలోకి తీసుకుపోయింది. ముందు పుట్టిని నెత్తిన బోర్లించుకుని ఒడ్డు వెంట ఎగువకు నడిచాము, ఏరు ఎంత దిగువకు లాగుతుందో అంత ఎగువకు. దించి, కూర్చున్నాము. నేను అలాగే కుడి ఒకటి, ఎడమ ఒకటి, సమంగా, శుభ్రంగా వేశాను. పుట్టి నన్ను పట్టించుకోలేదు. ముందు పక్కకు జరిగింది, తర్వాత తిరిగింది, తర్వాత తిరుగుతూ జరిగింది. నేను ఇంకా గట్టిగా వేశాను. ఎంత గట్టిగా వేస్తే అంత తిరిగింది. రేవు కళ్ల ముందే దాటిపోయింది, రేవులో బట్టలు ఉతికేవాళ్లు చేతులు ఆపి చూశారు.

మాబత్త తెడ్డు తీసుకుంది, నా తప్పు చెప్పడానికి ఎక్కువ మాటలు వాడలేదు. "మగ్గం కాదు మే ఇది. రెండు పక్కలా సమంగా ఏస్తాండావు. ఒక పక్క ఏరు ఏస్తాది. నీకుండేది ఒకటే పక్క" అంది.

మాట అర్థమైంది. చేతులకు అర్థం కాలేదు. మా ఇళ్లలో పుట్టిన చేతులకు అది అర్థం కావడం కష్టం. కుడికి పోయిన నాడె అంతే జోరుతో ఎడమకు రాకపోతే చీర అంచు పాడవుతుంది. అదే నాకు మాటల కంటే ముందు వచ్చిన చదువు. కుడిపక్క ఒకటి వేస్తే, వద్దు వద్దని నేను అనుకుంటుండగానే చెయ్యి ఎడమపక్కకు పోయి ఒకటి వేసేది. ఏరు వేసినదానికి నేను వేసింది కలిసేది, పుట్టి గిర్రున తిరిగేది. ఇక చౌడమ్మ. దాని చేతుల్లో సమం అన్నదే లేదు కదా. దానికి తెడ్డు ఇవ్వగానే ఒక పక్క రెండు లాగింది, ఆగి చూసింది, ఇంకొకటి లాగింది, ఊరుకుంది. పుట్టి మొహం తిప్పకుండా ఏటికి అడ్డంగా నడిచింది. ఎవరో దారి చెప్తుంటే వింటున్నదానిలా అది తల కొంచెం పక్కకు వంచి కూర్చుంది. మాబత్త చేతులు కట్టుకుని కూర్చుని ఆకు నమిలింది. నా కళ్లు కుట్టాయి. కుట్టాయన్నది చిన్నమాట. ఇంట్లో ఏ కండె చుట్టరాని చెయ్యి, నాయన నేతలో రోజూ నూలు తెంపే చెయ్యి, అవ్వ వేలు ఆగే చెయ్యి, ఆ వంకర వల్లే ఏటికి నచ్చింది.

ఆ వేసవంతా నేను నేర్చుకున్నాను. నేర్చుకోవడం అంటే అన్నీ తెలియడం. ఏమి చెయ్యాలో ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. పుట్టికి మొహం లేదు, నువ్వు కూర్చున్న పక్కే దాని మొహం. నీళ్లను వెనక్కి నెట్టకూడదు, ముందుకు చేయి చాపి నీ దగ్గరకు లాక్కోవాలి. నీళ్లను చూడకూడదు, చూస్తే నీళ్లతో పాటు పోతావు. అవతలి ఒడ్డున దిగాల్సిన తుమ్మచెట్టును చూడాలి. ఏటి మధ్యలో బండ కనిపిస్తే భయపడి దూరం పోకూడదు, దాని వెనక్కి దూరాలి. అక్కడ నీళ్లు వెనక్కి తిరిగి నిలబడతాయి, కాసేపు చేతులు దించుకోవచ్చు. మాబత్త దాన్ని వసారా అనేది. బండ వసారాలో కూర్చుని ఎండ తగ్గాక పోదామన్నట్టు చెప్పేది. ఇవన్నీ నేను చౌడమ్మకు కూడా చెప్పేదాన్ని, దానికి తెలియదనుకుని. అది శ్రద్ధగా వినేది. విని, పుట్టెక్కి, ఒక్కటీ గుర్తు పెట్టుకోకుండా అన్నీ చేసేది. నేను పళ్లు కొరుక్కునేదాన్ని. రాత్రి చాప మీద పక్కపక్కన పడుకుంటే దానికి వెంటనే నిద్ర పట్టేది. దాని ఊపిరి కూడా నాకు కోపం తెప్పించేది.

కొత్తనీళ్లు దిగాయి. ఎర్రగా, నురగతో, ఎక్కడెక్కడి పుల్లలో తెచ్చుకుంటూ. వరద కాదు, కానీ మొన్నటి ఏరు కాదు. ఆ రోజు నాయన సంతనుంచి అవతలి ఒడ్డుకు వచ్చి తువ్వాలు ఊపుతున్నాడు. మాబత్త పాదంలో తుమ్మముల్లు దిగి కాలు వాచిపోయింది. ఒడ్డున బండమీద కూర్చుని, తెడ్డును నా చేతికి ఇచ్చి, నీళ్లు తోడే చెంబును చౌడమ్మ చేతికి ఇచ్చింది. ఇదే పరీక్ష అని చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు.

పోయేటప్పుడు ఎలా పోయామో నేను వర్ణించను. తుమ్మచెట్టుకు చాలా దిగువన, రేగుపొదల్లో తేలాము. నాయన ఎదురొచ్చి పుట్టిని నెత్తికెత్తుకుని మాతో ఎగువకు నడిచాడు. అమ్ముడుపోని చీరల మూట చౌడమ్మ చంకలో ఉంది. తిరిగి కూర్చున్నాము. నేను ముందర, నాయన మూట పట్టుకుని మధ్యలో, నాయన వెనకాల చౌడమ్మ చెంబుతో. అవతల మాబత్త చిన్న మచ్చలాగా కనిపిస్తోంది. నేను ఆ మచ్చను చూస్తూ తెడ్డు వేశాను.

ఎన్నడూ లేనిది, పుట్టి మాట విన్నది. నా చెయ్యి అలవాటు కొద్దీ ఎడమకు పోతూనే ఉంది, అయినా పుట్టి తిరగలేదు. ఏరు ఎర్రగా పక్కనుంచి పోతోంది, మేము దానికి అడ్డంగా పోతున్నాము. బండ వసారాలోకి తలుపు తీసుకుని దూరినట్టు దూరాము, ఊపిరి పీల్చుకున్నాము, మళ్లీ బయటపడ్డాము. నాయన నా వెనక నుంచి, ఓబులమ్మా, ఓబులమ్మా అని మెల్లగా అంటూనే ఉన్నాడు. ఆ కాసేపు నేను ఎవరి మీదా కుళ్లుకోలేదు. నా జీవితంలో అలాంటి కాసేపులు లెక్కపెట్టుకోదగ్గవే. పుట్టి సరిగ్గా మాబత్త కూర్చున్న బండను తాకి ఆగింది.

నాయన మూటతో దూకి, మా పెద్దది దాటించిందని రేవంతా వినబడేలా చెప్పుకుంటూ పోయాడు. నేను లేచి వెనక్కి తిరిగాను. చౌడమ్మ చెంబును ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. దాని కుడిచెయ్యి భుజం దాకా తడిసి, రవిక ఒక పక్కే ఒంటికి అంటుకుని, మోచేతినుంచి ఎర్రనీళ్లు కారుతున్నాయి. పుట్టి అడుగున తోడకుండా వదిలేసిన నీళ్లు నిలిచి ఉన్నాయి. దారి పొడుగునా అది నీళ్లు తోడలేదు. చెంబును ఏట్లో ముంచి పట్టుకుని, నేను ఎడమకు వేసినప్పుడల్లా కుడిపక్క బరువు పెట్టి, నా ప్రతి తప్పునూ సర్దింది.

మాబత్త నన్నే అడిగింది. "ఒక పక్క ఎవరేసినారు మే?"

"ఏరేసింది అత్తా" అన్నాను.

"అక్కే నడిపింది. నేను ఊరికే కూచోనుంటి" అంది చౌడమ్మ, కారుతున్న చేతిని పావడాకు తుడుచుకుంటూ.

మాబత్త ఇద్దర్నీ చూసి, వాచిన కాలు పట్టుకుని నవ్వింది. మర్నాడు తెడ్డు చౌడమ్మకు ఇచ్చింది. అది వద్దంటుందని నేను అనుకున్నాను. వద్దనలేదు. బెల్లం ముక్క అందుకున్నట్టు అందుకుంది. పైగా ఊళ్లో అడిగినవాళ్లందరికీ, అక్కకు బడి ఉండాది గదా, అందుకని తనకిచ్చినారని చెప్పింది. నా వల్ల కానిది నాకు అక్కరలేనిదైపోయింది, దాని నోటి చలవ వల్ల. నన్ను ఓడించి ఉంటే దానితో పోట్లాడేదాన్ని. గెలిపించబోయిన మనిషితో ఎలా పోట్లాడాలి? ఆ చెంబు ముంచకుండా ఉంటే పుట్టి తిరిగి, తెడ్డు ఎలాగూ దానికే వచ్చేది. ముంచాల్సిన అవసరమే దానికి లేదు. అవసరం లేకుండా ముంచిందే, అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నేను బడికి పోయాను. బడి నన్ను పంతులమ్మను చేసింది, ఊరూరూ తిప్పింది, పింఛనిచ్చింది, ఈ ఇల్లిచ్చింది. చౌడమ్మ పెళ్లయ్యేదాకా తెడ్డు వేసింది, పెళ్లయ్యాక కూడా, బిడ్డ చంకలో ఉండగా కూడా వేసింది. వంతెన వచ్చాక పుట్టి పెరట్లో బోర్లపడి చివికిపోయింది. లోకం దృష్టిలో బాగుపడింది నేను. బంధువులు నన్ను చూపించి పిల్లలకు బుద్ధులు చెప్తారు. ఇప్పుడు నేను బస్సులో వంతెన మీద పోతూ కిందికి చూస్తే, ఎండాకాలంలో ఇసుక, బండలు, మధ్యలో సన్నగా పాకే నీళ్లు. ఎగువన ఆనకట్ట వాళ్లు వదిలితే ఏరు, వదలకపోతే లేదు. బస్సు అవతలి ఒడ్డుకు చేరేలోపు కండక్టరు చిల్లర కూడా తీయడు, అవతల ఇంకో రాజ్యం కూడా లేదు. ఈ సుఖమంతా నాకు తెలుసు. అయినా వంతెన ఎక్కినప్పుడల్లా నా చూపు బండ వెనక వసారా కోసం వెతుకుతుంది. అక్కడ పావడా మోకాళ్ల కింద దోపుకుని, తల పక్కకు వంచి, ఏరు చెప్పేది వింటున్న పిల్ల ఉంటుంది. ఆ పిల్ల నేను కాదు.

సావిత్రి చీర విప్పింది. తెడ్డు ఒక అంచే అరిగిపోయి ఉంది, రెండో అంచు కొత్తదానిలా ఉంది. ఒళ్లో పెట్టుకుని అవ్వలాగా బొటనవేలు నడిపించాను. ఒక పక్కే నున్నగా పోయింది. రెండో పక్క ఏరు వేసిందన్నమాట, ఇన్నేళ్లూ.

కాఫీ తాగుతూ సావిత్రి అంది, కొత్తనీళ్లలో తాతను నేను ఒక్కదాన్నే దాటించిన కథను వాళ్లమ్మ పిల్లలందరికీ, మనమలకు కూడా చెప్పేదట. మీ పెద్దమ్మ లాగా తెడ్డు వేసేవాళ్లను నేను చూడలేదు అనేదట. అందుకే తెడ్డు నాకు చేరాలందట.

నాకు ఒళ్లు మండిపోయింది. బతికున్నన్నాళ్లూ ఆ దానం చేస్తూనే ఉందన్నమాట, నాకు తెలియకుండా, నేను వద్దనడానికి వీలు లేకుండా. ఇంత దొడ్డతనం దానికి ఒక్కదానికే ఎందుకు దక్కాలి? నేను మాత్రం ఇవ్వలేనా? కాఫీ గ్లాసు కింద పెట్టి, ఇన్నేళ్లలో మొగుడికి కూడా చెప్పని మాట చెప్పాను. "అబద్ధం. నేనొక్కదాన్నే దాటియ్యలేదు సావిత్రీ. ఒక పక్క మీ అమ్మేసింది. చెంబుతో."

చెప్పి, నా పెద్దరికానికి నేనే మురిసి, దాని మొహం చూశాను. సావిత్రి ఆశ్చర్యపోలేదు. చీరను మడత పెడుతూ నవ్వింది. ఆ నవ్వు కూడా వాళ్లమ్మదే.

"అడిగితే అట్లే అంటాదని అమ్మ ముందే చెప్పింది పెద్దమ్మా" అంది. "మీ పెద్దమ్మది శానా పెద్దమనసు, ఆ పేరు నాకియ్యాలని చూస్తాది, నమ్మొద్దండి అనింది."

దొంగముండ. తెడ్డు నా ఒళ్లో ఉంది, దాని అరిగిన అంచు నా చేతి కింద ఉంది. నేను ఇక ఎంత చెప్పినా ఆ ఇంట్లో ఎవరూ నమ్మరు. కుళ్లుతోనే ఏడ్చాను, దినాల్లో ఏడ్చినదానికంటే ఎక్కువసేపు. సావిత్రి ఊరుకోబెట్టలేదు, పక్కన కూర్చుంది.